పిల్లల చేతికి సూది: బొంతతోనే తొలి పాఠం

పాత చీరలు, పంచెలు పొరలుగా పరచి, అంచు నుంచి అంచుకు సన్నని కుట్లు వేసి బొంత కుట్టడం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న పని. బళ్ళారి, రాయచూరు ప్రాంతాల కన్నడ కుటుంబాలు దీనినే కౌది అంటారు. మహారాష్ట్ర వైపు గోధడి అంటారు. పేర్లు వేరైనా పనితనం ఒక్కటే. అమ్మమ్మ బొంత పరచి కూర్చుంటే పిల్లలు చుట్టూ చేరి తలొక వరుస కుట్టేవారు. దుప్పట్లు అంగడిలో చవకగా దొరుకుతున్న నేడు ఆ కూర్చోవడమే తగ్గిపోయింది. బొంత పోతే మరొక దుప్పటి కొనుక్కోవచ్చు. చేతికి రాని పనిని కొనుక్కోలేము.

సూది కిందికి దిగి, పైకి వచ్చి, ముందుకు సాగే బొంత కుట్టు అనేక కుట్లకు పునాది. ధార్వాడ కసూతిలోని గవంతి కుట్టును చూడండి. తిన్నగా ముందుకు సాగి, అదే దారిలో వెనుకకు వస్తూ ఖాళీలను నింపడమే అందులోని కిటుకు. అందుకే బట్టకు ఇరువైపులా ఒకే రూపం కనిపిస్తుంది. సండూరు లంబాణీ కుట్టుపని కూడా తల్లుల నుంచి కూతుళ్ళకు అందుతూ వచ్చినదే. 2023 జూలైలో హంపిలో జీ-20 సమావేశం జరిగిన వేళ ఆ స్త్రీలు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది.

ఏ వయసుకు ఏ పని?

అయిదారేళ్ళ పిల్లలకు గోనెగుడ్డ ముక్క, మొన మొద్దుబారిన పెద్ద సూది, రంగు ఊలు దారం ఇవ్వండి. గోనెలో పోగులు విడివిడిగా కనిపిస్తాయి. మూడు పోగుల పైన, మూడు పోగుల కింద అని లెక్కపెడుతూ కుడితే కుట్టుతోపాటు లెక్కా వస్తుంది. దారం మూరెడుకు మించకూడదు. పొడవైతే చిక్కుపడి పిల్లలు విసుగు చెందుతారు.

ఏడెనిమిదేళ్ళకు చొక్కా గుండీ కుట్టడం, చిరిగినచోట మాసిక వేయడం నేర్పవచ్చు. తొమ్మిది, పదేళ్ళకు గొలుసుకుట్టు, కాజాకుట్టు అందుకుంటారు. మగపిల్లలకూ ఇవన్నీ నేర్పాలి. మన ఊళ్ళలో దర్జీలు ఎక్కువమంది మగవారే కదా.

కుడిచేతి వాటం పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోవాలి. మీది కుడిచేతి వాటమై, పిల్లలది ఎడమచేతి వాటమైతే ఎదురుగా కూర్చోబెట్టుకోండి. అద్దంలో చూసినట్లు మీ చేతిని అనుసరిస్తారు. సూదిని నోట పెట్టుకోనివ్వకండి. పని మొదట, చివర సూదులు లెక్కపెట్టించండి.

వంకర కుట్టును విప్పి మీరే సరిచేయవద్దు. తన పని పనికిరాలేదని తెలిసిన బిడ్డ మళ్ళీ సూది పట్టదు. అరగంట చాలు. నేర్పడం వేరు, కూలి కుట్టుపనికి కూర్చోబెట్టడం వేరు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది. కుటుంబానికి చేసే ప్రమాదరహితమైన సాయమైనా బడివేళల తరువాతనే, సెలవులలోనే ఉండాలి.

మాటా చేతితోనే

బెజ్జం, పోగు, మాసిక, దబ్బనం, కాజా వంటి మాటలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో చదివే మన పిల్లలకు బడిపుస్తకాలలో ఎదురుకావు. "బెజ్జంలో దారం ఎక్కించు నాన్నా, నాకు కనిపించడం లేదు" అని అవ్వ అడిగినప్పుడే ఆ మాట బిడ్డకు అందుతుంది. ఆ అవసరం అవ్వకూ ఉంది, బిడ్డకూ ఉంది.

ఈ సెలవులలో పాత చీరలు రెండు తీసి బొంత పరచండి. చివరి వరుస పిల్లలకు వదలండి. అది వంకరగా వచ్చినా అలాగే ఉంచి, ఆ బొంతనే వారికి కప్పండి.