క్రొత్త కంప్యూటరు కాపురము

వైకుంఠపాళిలో నిచ్చెన యెక్కుటయుఁ బాము నోటఁ బడుటయు గవ్వల వశము. కంప్యూటరుమీఁద నాడు జీవితపు టాటలలో నట్లు కాదు. అందలి బొమ్మలకుఁ గొన్ని యక్కఱలు విధింపఁబడును. వానిని దీర్చుచు సంసారము నడపుటయే యాట. 2000 సంవత్సరమున అమెరికావాఁడగు విల్ రైట్ కల్పించిన ‘ది సిమ్స్’ ఈ తెగకు దారి చూపినది. అందు ఎనిమిది యక్కఱలు: ఆఁకలి, సౌఖ్యము, శుభ్రత, కాలకృత్యము, సత్తువ, వినోదము, సాంగత్యము, చక్కని గది.

దక్షిణ కొరియాలోని క్రాఫ్టన్ వారు 2025 మార్చి 28న ‘ఇన్‌జోయి’ యను క్రొత్త యాటను, పూర్తి కాకమునుపే, విక్రయమునకు విడిచిరి. వారము దినములలోఁ బది లక్షల ప్రతులు అమ్ముడుపోయినవి. ముఖము, జుట్టు, వస్త్రములు మన యిచ్చవచ్చినట్లు మలచుకొను సౌలభ్యము నిజముగా నాశ్చర్యకరము. దోవన్ అను పట్టణము సియోలు నగరమును బోలియుండును. అయినను బొమ్మల సంభాషణలయందును స్నేహములయందును పస చాలదని తొలుత నాడినవారు పలువురు చెప్పిరి. ఆ మాట న్యాయమే. అక్కఱలలో ‘గుర్తింపు’ను జేర్చుట మాత్రము మెచ్చఁదగినది. మనుష్యుఁడు అన్నముతోపాటు మెప్పునుగూడఁ గోరును గదా!

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములవారికి మాత్రమొక వింత తోఁచును. ఈ రెండాటలలో దేనియందును దాహము ప్రత్యేకమైన యక్కఱగా లేదు. కొళాయి త్రిప్పిన నీరు వచ్చును. వేసవిలో ట్యాంకరుకొఱకు బిందెలు వరుసఁ బెట్టు తల్లికిఁగాని, బోరు వేయించి యప్పులపాలైన రైతునకుఁగాని ఆ కాపురమునఁ దావు లేదు. మన పల్లె పిల్లలలో నెవరైనఁ బ్రోగ్రాములు వ్రాయ నేర్చి యిట్టి యాటను గట్టినచో, బిందె నిండువఱకు అందలి బాలిక బడికి బయలుదేరదు.