గుల్లబారు ఎముకలు

బి.కొత్తకోట ప్రాంతపు పల్లెలలో నడుము వంగి, ఊతకోలతో నడచు అవ్వలు పెక్కుమంది కనబడుదురు. ముసలితనమే దీనికి కారణమని చూచువారు సరిపెట్టుకొందురు. కాని కొందరిలో ఆ వంపునకు కారణము ఎముకలు లోలోపల గుల్లబారుట. దీనినే వైద్యులు ఆస్టియోపోరోసిస్ అందురు. ఈ వ్యాధి చాలకాలము ఏ బాధయు కలిగింపదు. తడినేలపై జారిపడి తుంటియో, మణికట్టో విరిగిన నాడే తఱచుగా బయటపడును.

ఎముక ఱాతివంటి జడపదార్థము కాదు, జీవము గలది. అందు కొన్ని కణములు పాత ఎముకను తొలగించుచుండగా, మఱికొన్ని క్రొత్తదానిని కట్టుచుండును. బాల్యయౌవనములలో కట్టుబడి ఎక్కువ. నడివయసు నుండి తరుగుదల ఎక్కువ. స్త్రీలలో ఋతుధర్మము ఆగుటకును ఈ వ్యాధికిని సంబంధము కలదని 1941లో అమెరికా వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ తెలిపెను. ఎముక సాంద్రతనుబట్టి వ్యాధిని నిర్ణయించు పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఏర్పరచెను. నేడు ఎముక విఱుగకముందే పరీక్షచే వ్యాధిని గుర్తించి, తరుగుదలను తగ్గించు మందుల నీయగలుగుచున్నారు.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో వైద్యుడు సి.వి. హరినారాయణ్ బృందము ఈ ప్రాంత ప్రజలను పరీక్షించి, 2007లో ఫలితములు ప్రకటించెను. ఆరోగ్యవంతులుగా కనబడువారి ఆహారమునందును కాల్షియము కొఱతగా నుండెను. ఎండ తగులని పట్టణవాసులలో డి విటమిను పల్లెవారికంటె తక్కువగా నుండెను.

ఈ సీమవారి రాగిసంగటి ఇందుకు మంచి ఆహారము. 100 గ్రాముల బియ్యమున కాల్షియము సుమారు 10 మిల్లీగ్రాములే; అన్ని రాగులలో 300 మిల్లీగ్రాములకు మించియుండును. రాగులను నానవేసి మొలకెత్తించినచో అది శరీరమునకు మఱింత బాగుగా పట్టును. పాలు, మజ్జిగ, ఆకుకూరలును మేలు చేయును.

వ్యాధి సోకినవారు పడిపోకుండ జాగ్రత్తపడవలెను. స్నానము చేయుచోట పాచి లేకుండ చూడవలెను. రాత్రివేళ నడచు దారిలో దీపముండవలెను. నడుము వంచి నీళ్లబిందె లెత్తరాదు. అట్లని మంచము పట్టియుండరాదు. కదలకున్న ఎముక మఱింత సన్నగిల్లును. వైద్యుని సలహాతో దినదినము నడువవలెను.

ఎముకలకు బలము కూడబెట్టు కాలము బాల్యమే. కావున బాలబాలికలు తగిన ఆహారము తిని, ఎండలో ఆడుకొనవలెను. ఇంటనున్న అవ్వకు చేయూతనిచ్చుటయు, ఆమె నడచు త్రోవలో తమ ఆటవస్తువులను విడువకుండుటయు వారి ధర్మము.