గిటారు తీగలు దించారు – ఇక చేతికి కొంచెం సమయమివ్వండి

చర్చిలో గిటారు వాయించే మీ అబ్బాయికో, అమ్మాయికో వేళ్ళు, మణికట్టు నొప్పి వచ్చిందనుకోండి. డాక్టరుగారి సలహాపై గిటారును షాపుకు తీసుకెళ్ళి తీగల ఎత్తు తగ్గించి తెచ్చారు. తీరా వాయించి చూసి, "ఇది నా గిటారులా లేదు, మునుపటిదే బాగుంది" అని వారు విసుక్కుంటారు. కంగారు పడకండి. గిటారు ఒక్క రోజులో మారుతుంది. చెయ్యి మారడానికి కొన్నాళ్ళు పడుతుంది.

ఎందుకిలా జరుగుతుంది?

వీణకు ఉన్నట్టే గిటారుకు కూడా మెట్లుంటాయి. తీగను మెట్టుకు ఆనేలా నొక్కితేనే స్వరం పలుకుతుంది. తీగ ఎంత ఎత్తులో ఉంటే అంత బలం కావాలి. ఈ ఎత్తును 12వ మెట్టు దగ్గర కొలుస్తారు. ఇనుప తీగల గిటారుకు లావు తీగ కింద సుమారు 2.5 మి.మీ., సన్న తీగ కింద సుమారు 2 మి.మీ. ఉంచడం మామూలు. ఒక్క మిల్లీమీటరు తగ్గినా చేతికి పెద్ద తేడాయే. అయితే అలవాటు కొద్దీ చెయ్యి పాత బలంతోనే నొక్కుతుంది. అందువల్ల శ్రుతి కాస్త పెరిగినట్టు వినిపిస్తుంది. నొప్పి కూడా తగ్గదు.

ఏమి చేయాలి?

1. మొదటి రెండు వారాలు ఒక్కోసారి 10–15 నిమిషాలే వాయించి, చేతికి విశ్రాంతినివ్వాలి.

2. వేలిని మెట్టుకు దగ్గరగా, దానికి కొంచెం వెనుక ఆనించి మెల్లగా నొక్కాలి. స్వరం స్పష్టంగా పలికిన చోట ఆగాలి. అంతకు మించిన బలం వృథా.

3. బొటనవేలితో గిటారు మెడను బిగించి పట్టుకోరాదు. మణికట్టును ఎక్కువగా వంచరాదు.

4. మెల్లగా మీటినా తీగ గరగరలాడితే తిరిగి షాపులో చూపించండి. ఇంట్లో ఆకురాయితో అరగదీయవద్దు. వానాకాలంలో చెక్క తేమ పీల్చి తీగల ఎత్తు మళ్ళీ పెరగవచ్చు.

ఎప్పుడు డాక్టరుకు చూపించాలి?

వేలి కొనలు కొద్దిగా మండటం సహజం. చర్మం గట్టిపడ్డాక అది తగ్గుతుంది. కాని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం, రాత్రి ఆ తిమ్మిరితో మెలకువ రావడం, వంచిన వేలు పట్టేసి తెరుచుకోకపోవడం, చేతి నుండి వస్తువులు జారిపోవడం – వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి. తీగలు ఇంకా దించినంత మాత్రాన ఇవి పోతాయని అనుకోవద్దు.

షుగరు ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వారికి కొన్నిసార్లు స్పర్శ తగ్గి, వేలు తెగినా తెలియదు. నొప్పి లేదంటే దెబ్బ లేదని కాదు. వాయించిన తరువాత వేలి కొనలను మీరే ఒకసారి చూడండి.

"వచ్చే ఆదివారానికి తప్పక వాయించాలి" అని ఎవరూ తొందర పెట్టకండి. రెండు ఆదివారాలు గిటారు లేకపోయినా ఆరాధన ఆగదు. దేవుడిచ్చిన ఆ చేతులు ఇంకా ఎన్నో ఏళ్ళు వాయించాలి కదా!