గాలి మళ్లింపుతో తుపాను జాడ

వరి కోతల వేళకే తుపాను కబురు రావడం కోస్తా రైతుకు కొత్త కాదు. కోసిన పనలు చేలో ఉంటాయి, రేడియోలో తీరం దాటుతుందంటారు. దాటేది మన ఊరికి దక్షిణానా, ఉత్తరానా? దాన్నిబట్టే ముప్పు ఎక్కువా తక్కువా అన్నది ఉంటుంది. ఈ సంగతి గాలిని చూసి మీరూ కొంత పోల్చుకోవచ్చు.

తుపానులో గాలి తిన్నగా వీయదు. నడిమిన పీడనం తక్కువ కాబట్టి చుట్టూ ఉన్న గాలి అక్కడికి ఎగబడుతుంది. భూమి తిరుగుతున్నందువల్ల అది పక్కకు ఒరిగి, గడియారం ముళ్లకు ఎదురుగా సుడి తిరుగుతూ లోపలికి వస్తుంది. వెచ్చటి సముద్రం మీద ఆవిరిని మోసుకొచ్చి, నడిమికి చేరేముందే పైకి లేచి చల్లబడుతుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు వదిలే వేడే తుపానుకు బలం. పంజాబు గోధుమకు చలికాలంలో వాన తెచ్చే పడమటి అలజడుల తీరు వేరు. అవి చల్లగాలి, వెచ్చగాలి ఒకదాన్నొకటి ఒరుసుకోవడంతో నడుస్తాయి.

మన తుపానులో మబ్బులూ సుడి వెంట పట్టీలుగా ఉంటాయి. అందుకే వాన దంచికొడుతుంది, కాసేపు తెరిపిస్తుంది, మళ్లీ అందుకుంటుంది. ఆ తెరిపిని నమ్మి కుప్ప మీద పట్టా తీయకండి.

ఇక గాలి లెక్క. చెట్లూ ఇళ్లూ అడ్డులేని బయల్లో, గాలి ఇంకా ముదరకముందే, దానికి వీపు పెట్టి నిలబడండి. తుపాను నడిమి మీ ఎడమచేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. రెండు మూడు గంటలకోసారి చూడండి. ఈశాన్యపు గాలి తూర్పుకు, ఆపైన ఆగ్నేయానికి మళ్లిందా, తుపాను మీకు దక్షిణంగా దాటుతున్నట్టు. అప్పుడు గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. ఉప్పెన భయం ఈ వైపే. 1977 నవంబరు 19న తుపాను దాటింది చీరాల-నిజాంపట్నం దిక్కున, కొట్టుకుపోయింది దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమ! గాలి ఉత్తరానికి, వాయవ్యానికి, పడమరకు మళ్లితే తుపాను మీకు ఉత్తరంగా పోతున్నట్టు. ఉప్పెన బెడద తగ్గుతుంది గానీ ఈదురుగాలి తప్పదు. దిక్కు మారకుండా జోరు పెరుగుతోందంటే మీ మీదికే వస్తోంది. ఇదంతా అధికారుల హెచ్చరికకు తోడే గానీ బదులు కాదు. ఖాళీ చేయమంటే గాలి లెక్కలు చూస్తూ కూర్చోవద్దు.

అన్నిటికన్నా మోసం తుపాను కన్ను. సుడి నడిమిన గాలి కిందికి దిగుతుంది కాబట్టి అక్కడ వాన ఆగి, గాలి పడిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను విశాఖ మీదుగానే పోయింది. అలాంటప్పుడు గొడ్లను చూద్దామనో, రేకులు సర్దుదామనో బయటికి రాకండి. కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా గాలి కొడుతుంది. ఒక పక్కకు ఊగి వేళ్లు కదిలిన చెట్లు అప్పుడు కూలతాయి.

నేల మీదికొచ్చాక సముద్రపు ఆవిరి అందక గాలి నీరసిస్తుంది. వాన మాత్రం ఒకటి రెండు రోజులు లోపలి జిల్లాల్లోనూ పడుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీట మునిగింది. కబురు అందగానే గట్లకు గండ్లు పెట్టి, మురుగు కాలువకు అడ్డాలు తీయండి. వాన వెలిశాక తడిసిన పనల మీద, పడిపోయిన చేల మీద లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే గింజ మొలకెత్తడం తగ్గుతుంది.