ఉగాండా వారి పోపుల డబ్బా

రండర్రా, ఇలా అరుగు మీదకి జరిగి కూర్చోండి. మన బుడ్డోడు ఒక ప్రశ్న వేశాడు. డబ్బున్న దేశం లేని దేశానికి సాయం చేస్తే, ఆ సొమ్ము మూటలు కట్టి ఓడలో పంపుతారా అని. నవ్వకండి. నేను చెప్పబోయే ఉగాండా దేశానికి సముద్రమే లేదు గానీ, ప్రశ్న మాత్రం బంగారం లాంటిది.

మీ మేనమామ వచ్చాడనుకోండి. నీకు పుస్తకాలు, చెల్లికి గౌను తనే కొనిచ్చి రసీదులు జేబులో వేసుకుని వెళ్లొచ్చు. లేదా "అక్కా, ఇదుంచు" అని మీ అమ్మ చేతిలో నాలుగు నోట్లు పెట్టి వెళ్లొచ్చు. అమ్మ వాటిని పోపుల డబ్బాలో, నాన్న జీతం డబ్బుల్లోనే కలిపేస్తుంది. ఇక ఏ నోటు ఎవరిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. దేశాల మధ్య ఈ రెండో పద్ధతినే బడ్జెట్ మద్దతు అంటారు.

రసీదుల పద్ధతే భద్రం కదా అంటారా? 1997లో ఉగాండా ప్రాథమిక చదువు ఉచితం అంది. ఏడాది తిరిగేసరికి బడిపిల్లలు సుమారు 30 లక్షల నుంచి 50 లక్షలు దాటేశారు! పైవాడెవడో వచ్చి బడి కట్టి, గోడ మీద తన పేరు రాసుకుని పోతాడు సరే, నెలనెలా పంతులుగారికి జీతం ఎవరిస్తారు? అది ఇంటి డబ్బాలోంచే రావాలి. అందుకే బ్రిటన్ లాంటి దేశాలు నేరుగా ఆ డబ్బాలోనే వేయడం మొదలుపెట్టాయి.

ఇక్కడుంది అసలు తమాషా. బ్రిటన్ పంపిన పౌండ్లు ఆ పంతులుగారు కంటితో కూడా చూడరు. మన రిజర్వ్ బ్యాంకులాగే వాళ్లకి బ్యాంక్ ఆఫ్ ఉగాండా ఉంది. పౌండ్లు అది అట్టేపెట్టుకుని, వాటికి సరిపడా అక్కడి షిల్లింగులు ప్రభుత్వ ఖాతాలో జమ వేస్తుంది. జీతం ఆ షిల్లింగుల్లోంచి. పౌండ్లేమో, మందులో పెట్రోలో తెప్పించుకునే వర్తకుడు తర్వాత కొనుక్కుంటాడు. ఒక్క సాయంతో అటు బడీ నడిచింది, ఇటు పైదేశం సరుకూ దిగింది. అదే బ్యాంకు ఆ పౌండ్లు అమ్మకుండా దాచేసుకుందనుకోండి, సరుకు పెరక్కుండా షిల్లింగులే ఊళ్లో తిరిగి ధరలు పైకెక్కచ్చు. ఈ గుట్టు తెలిసిన రోజున నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను!

మరి డబ్బాకి చిల్లుంటేనో? ఉండేది. 1991 నుంచి 95 దాకా ప్రభుత్వం బడుల ఖర్చులకి పంపిన సొమ్ము లెక్క తీస్తే, సగటున నూటికి 13 వంతులే బడి గడప తొక్కాయని తేలింది. మిగతాది దారిలో జిల్లా ఆఫీసుల దగ్గరే ఆగిపోయింది. అప్పుడు ఏ జిల్లాకి ఎంత పంపారో పత్రికల్లో వేయించారు, బడికొచ్చినదెంతో బడి గోడకే అంటించమన్నారు. 2001 నాటికి నూటికి 80 పైచిలుకు చేరింది. కాగితం ఒక్కటే అంత చేసిందా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు గానీ, నా మనసు ఆ కాగితం వైపే. పెద్ద ఆఫీసర్ల తనిఖీ కంటే, కూతుర్ని బడికి పంపే తల్లి గోడ మీద అంకె చూసి వేసే ప్రశ్నకి పదునెక్కువ.

అయినా 2012లో మళ్లీ చిల్లు బయటపడింది. ఈసారి ఏకంగా ప్రధానమంత్రి కార్యాలయంలోనే. యుద్ధంతో చితికిపోయిన ఉత్తర ప్రాంతం కోసం ఐర్లండ్, నార్వే, స్వీడన్, డెన్మార్క్ ఇచ్చిన సొమ్ము దారి మళ్లింది. పట్టుకున్నదెవరో తెలుసా? దాతలు కాదు, ఉగాండా సొంత లెక్కల తనిఖీ అధికారి, అప్పటి ఆడిటర్ జనరల్ జాన్ మువాంగా. దాతలు చేతులు ముడుచుకున్నారు. ఐర్లండ్ తన 40 లక్షల యూరోలు తిరిగిమ్మంది. 2013 జనవరిలో ఉగాండా ఇచ్చేసింది కూడా.

ఏమిట్రా, దొంగల దగ్గర కక్కించి ఇచ్చారా అంటావా? లేదు నాయనా, ఖజానాలోంచే తీసి కట్టారు. అంటే అక్కడి జనం పన్నులు పడే ఆ డబ్బాలోంచే.