గంగ్రేల్ గట్టున ఒక ఆదివారం

పార్లమెంటు ప్రశ్నోత్తరాల సమయంలో భిలాయి పేరు ఏడు దశాబ్దాలుగా వినవస్తూనే ఉన్నది. ఎన్ని లక్షల టన్నుల ఉక్కు తయారైనది, విస్తరణ పథకం ఎంతవరకు వచ్చినది, లాభమెంత, నష్టమెంత అని సభ్యులు అడుగుతారు. మంత్రులు కాగితాలు చూసి అంకెలు చదువుతారు. ఇన్నేళ్ళుగా పత్రికల గ్యాలరీలో కూర్చుని ఆ అంకెలను వ్రాసుకుంటున్న ఈ లేఖకునికి, భిలాయిలో పనిచేసేవారు తమ సెలవురోజున ఏమి చేస్తారని అడిగిన సభ్యుడు ఒక్కరూ తారసపడలేదు. అసలది ప్రశ్న కాదని వారి అభిప్రాయం కాబోలు. కాని మన రాజ్యాంగ నిర్మాతలు అట్లా అనుకోలేదు. ఆదేశిక సూత్రాలలోని 43వ అధికరణం కార్మికునికి జీవనానికి చాలిన వేతనంతోపాటు విరామాన్ని సంపూర్ణంగా అనుభవించే అవకాశం కూడా కల్పించడానికి రాజ్యం ప్రయత్నించాలని చెప్పినది.

ఉభయసభలూ సమావేశం కాని ఈ వేసవిలో ఆ అధికరణాన్ని ఒక చెరువు గట్టున పరీక్షించి చూసే అవకాశం కుటుంబకారణంగా లభించినది. మా అక్కయ్య, బావగారు నలభై ఏళ్ళకు పైగా భిలాయిలో ఉంటున్నారు. పిల్లలకు సెలవులు, నాకు తీరిక; అందరం కలిసి శని, ఆదివారాలు ఎక్కడైనా నీటి ఒడ్డున గడపాలని అక్కయ్య ఆజ్ఞ. నిజాముద్దీన్‌లో రైలెక్కి దుర్గ్‌లో దిగాను. దారి పొడవునా చక్రాల కింద మోగిన పట్టాలలో అధికభాగం ఆ ఊరిలోనే తయారైనవని, వాటిని తయారుచేసిన రైలు మిల్లులోనే మా బావగారు తన ఉద్యోగజీవితమంతా గడిపారని తలచుకుంటే, బంధువుల ఇంటికి వారి చేతుల మీదుగానే వెళ్తున్నట్లు అనిపించినది.

బొబ్బిలి నుంచి భిలాయికి

రెండవ పంచవర్ష ప్రణాళికలో ప్రభుత్వరంగాన మూడు ఉక్కు కర్మాగారాలు వెలసినవి. రూర్కెలాకు పశ్చిమజర్మనీ, దుర్గాపూర్‌కు బ్రిటన్, భిలాయికి సోవియట్ యూనియన్ తోడ్పడినవి. భిలాయి ఒప్పందం 1955లో కుదిరినది. రెండున్నర శాతం వడ్డీపై పన్నెండేళ్ళలో తీర్చవలసిన ఋణమది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. వరిపొలాల నడుమ సెక్టర్లుగా కొలిచి కట్టిన పట్టణం లేచినది. క్వార్టర్లు, బడులు, ఆసుపత్రి, క్లబ్బులు, తోటలు అన్నీ ఆ పథకంలోని భాగాలే.

ఆ పట్టణానికి దేశం నలుమూలల నుంచి జనం వచ్చినట్లే మన ఉత్తరాంధ్ర నుంచీ వచ్చారు. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం వారికి రాజమార్గమైనది. ముందు ఒక అన్న వెళ్ళడం, క్వార్టరు రాగానే తమ్ముని, బావమరిదిని పిలిపించుకోవడం, ఆ పిమ్మట ఆ వాకిలిలో ముగ్గులు, ఆ వంటింట్లో ఆవకాయ జాడీలు వెలయడం, ఇదీ క్రమం. సెక్టర్ 5లోని బాలాజీ మందిరం వద్ద కాసేపు నిలుచుంటే తెలుగు వినబడకపోదు. మా బావగారు 1982లో ఆ దారినే వచ్చారు. అప్పట్లో వేసవి సెలవులంటే భిలాయి పిల్లలు బొబ్బిలికి వెళ్ళడం. ఇప్పుడు హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి మనుమలు భిలాయికి వస్తున్నారు. ఉద్యోగానికి వచ్చిన ఊరు అమ్మమ్మగారి ఊరైనది.

కొలిమికి ఆదివారం లేదు

ఉక్కు పట్టణంలో సెలవు మన ఆఫీసుల సెలవు వంటిది కాదు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను సాయంత్రం ఆర్పి ఉదయం వెలిగించడం సాధ్యం కాదు. కోక్ ఓవెన్‌లు చల్లబడితే లోపలి ఇటుకలు బీటలు వారుతాయి. అందుచేత పగలు, రేయి మూడు షిఫ్టులు నడవవలసిందే. సెలవు ఒక్కొక్కరికి ఒక్కొక్క వారాన వస్తుంది. మా మేనల్లుడు చిన్నవాడుగా ఉన్నప్పుడు తండ్రి సెలవు బుధవారమైతే ఆ సాయంత్రమే ఆ ఇంట పండుగ. బడి వదలగానే తల్లి పులిహోర డబ్బాతో, తండ్రి సైకిలుతో సిద్ధంగా ఉండేవారు. సెలవు ఏ రోజున వచ్చినా రావడం మాత్రం తప్పేది కాదు.

అప్పుడు వారు వెళ్ళే చోటు మైత్రీబాగ్. భారత-సోవియట్ మైత్రికి చిహ్నంగా కర్మాగారం వారు పెంచిన ఉద్యానవనమది. జంతుప్రదర్శనశాల, పడవలు తిరిగే చిన్న సరస్సు, పిల్లల రైలు అక్కడ ఉన్నవి. అక్కడి తెల్లపులులను చూడని భిలాయి పిల్లవాడు ఉండడు. ఆ చేరువలోనే మరోదా జలాశయం కలదు. విశాఖ ఉక్కునగరానికి కణితి జలాశయం ఎట్టిదో భిలాయికి మరోదా అట్టిది. ఉక్కు తయారీకి నిప్పు ఎంత అవసరమో నీరూ అంతే అవసరం. కొలిమి గోడలను చల్లబరచడానికి, ఎర్రగా కాలిన కోక్‌ను ఆర్పడానికి, ఆవిరి పుట్టించడానికి, వాయువులను కడగడానికి నీరు కావాలి. పారిశ్రామిక అవసరం కోసం నిలిపిన నీటి పక్కన తోట పెంచి, నీవు కాచిన నిప్పుకు బదులుగా ఈ చల్లదనం పుచ్చుకొమ్మని కార్మికునితో చెప్పిన కాలమది. శనివారం సాయంత్రం పిల్లలను అక్కడికే తీసుకువెళ్ళాము. జనం బాగానే ఉన్నారు. పడవ దిగిన మనుమరాలు నీళ్ళు ఇక్కడికి ఎక్కడ నుంచి వచ్చాయని అడిగినది. మరునాటి ప్రయాణం ఆ ప్రశ్నకు జవాబైనది.

నీటి వెనుక నడక

భిలాయి నీటికి మూలాలు దూరాన ఉన్నవి. బాలోద్ దగ్గర తాండులా, సూఖా నదులు కలిసే చోట 1921లో పూర్తయిన తాండులా ఆనకట్ట దుర్గ్ ప్రాంతపు వరిపొలాల కోసం కట్టినది. కర్మాగారం వచ్చిన తరువాత ఆ నీటిలో కొలిమి కూడా భాగస్వామి అయినది. అది చాలక మహానది వైపు చూడవలసి వచ్చినది. ధమ్‌తరీ సమీపాన గంగ్రేల్ వద్ద మహానదిపై పెద్ద ఆనకట్ట కట్టారు. 1970 దశకం చివర అది పూర్తి అయినది. సుమారు 27 టి.ఎం.సి.ల వినియోగ సామర్థ్యం గల ఆ జలాశయానికి రవిశంకర్ సాగర్ అని పేరు. 1956లో ఏర్పడిన మధ్యప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి, ఉక్కు కర్మాగారం భిలాయికి రావాలని గట్టిగా పట్టుబట్టిన నాయకుడు పండిత రవిశంకర్ శుక్లా పేరది. ఉక్కును తెచ్చిన వాని పేరే నీటికి పెట్టడం అనుకుని చేసినా, అనుకోకుండా జరిగినా, ఉచితంగానే ఉన్నది.

ఆ ప్రాంతంలో నీటి తగాదా కొత్తది కాదు. ధమ్‌తరీ దగ్గర కండేల్ గ్రామస్థులు కాలువనీరు దొంగిలించారని 1920లో ఆంగ్లప్రభుత్వం జుల్మానా వేసినది. వారు చెల్లించలేదు. పశువులను జప్తుచేసి వేలానికి పెడితే కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. కడకు ప్రభుత్వమే దిగివచ్చినది. నీరు ఎవరిదన్న ప్రశ్న అక్కడి వారికి పుస్తకాలలో చదువుకున్నది కాదు.

ఆదివారం తెల్లవారుజామున బయలుదేరాము. రెండు గంటల ప్రయాణం. గట్టు ఎక్కేసరికి ఎదుట సముద్రాన్ని తలపించే నీరు. మే నెల కావడంతో మట్టం దిగి ఒడ్డున ఎర్రమన్ను బయటపడి ఉన్నది. ఎండాకాలంలో ఎండిన ఊరచెరువులు నింపడానికి కాలువలకు నీరు వదలడం ఛత్తీస్‌గఢ్‌లో ఆనవాయితీ. దానిని నిస్తారీ అంటారు. పశువులకు, స్నానాలకు ఆ నీరే ఆధారం. ఒకే జలాశయం వానాకాలపు వరికి, వేసవి చెరువుకు, ఏడాది పొడవునా కొలిమికి, పట్టణాల కుళాయిలకు సమాధానం చెప్పవలసి ఉన్నది. ఇప్పుడు దానికి విహారయాత్రికులు కూడా తోడైనారు. మోటారు పడవలు, కుటీరాలు, తినుబండారాల దుకాణాలు వెలసినవి.

చెట్టునీడన దుప్పటి పరచుకున్నాము. అక్కయ్య పులిహోర, పెరుగన్నం, మాగాయ తీసినది. పక్కన కూర్చున్న స్థానిక కుటుంబం గిన్నెలో నీళ్ళన్నం, ఉల్లిపాయలు పెట్టుకున్నది. వారు దానిని బోరే బాసీ అంటారు; మన చద్దన్నానికి తోబుట్టువు. 2022లో అప్పటి రాష్ట్రప్రభుత్వం మే దినాన శ్రామికుల గౌరవార్థం అందరూ బోరే బాసీ తినాలని పిలుపునిచ్చినది. బావగారు మాగాయ ముక్క అటు అందించారు. అటునుంచి ఇటు ఒక దోసెడు తునికిపండ్లు వచ్చినవి.

గట్టున అంగార్‌మోతీ అమ్మవారి గుడి ఉన్నది. ఆనకట్ట కట్టినప్పుడు యాభైకి పైగా గ్రామాలు మునిగినవి. మునిగిన నేల నుంచి అమ్మవారిని ఒడ్డుకు తెచ్చి నిలిపారు. గుడి దగ్గర ఉడకబెట్టిన వేరుశనగలు అమ్ముతున్న ఒక వృద్ధురాలు, తన అత్తవారి ఊరు అదిగో అక్కడ అని నీటి మధ్యకు చేయి చూపినది. మీది ఏ ఊరని అక్కయ్యను అడిగినది. అక్కయ్య తడుముకోకుండా భిలాయి అన్నది. "అయితే మా నీళ్ళు తాగే ఊరే" అని ఆమె నవ్వి, పొట్లంలో మరొక గుప్పెడు వేసినది. అందులో నిష్ఠూరం ఉన్నదో లేదో చెప్పడం కష్టం. వారంలో ఆమెకు ఎక్కువ బేరం సాగేది ఆదివారమే. మన విశ్రాంతి ఆమెకు పని.

తండ్రి బుధవారం, కొడుకు ఆదివారం

ఇంతమందిమి వెళ్ళాము గాని మా మేనల్లుడు మాతో రాలేదు. అతడు చదువుకున్నవాడు. ఊరి శివారున ఒక చిన్న ఇంజనీరింగు కార్ఖానాలో గుత్తేదారు కింద పనిచేస్తున్నాడు. పనిచేసిన రోజుకే కూలి. ఆదివారం మానివేస్తానంటే ఎవరూ కాదనరు. ఆ రోజు డబ్బు మాత్రం రాదు. పైగా ఒకటికి రెండుసార్లు మానితే ఆ స్థానంలో మరొకరు కనిపిస్తారు. అందుచేత ఉదయం షిఫ్టు ముగించుకుని మోటారు సైకిలు మీద వస్తానన్నాడు. నాన్న వస్తేగాని పడవ ఎక్కనని అతని ఆరేళ్ళ కూతురు పట్టుబట్టి, మధ్యాహ్నమంతా గట్టు మెట్ల మీదనే కూర్చున్నది. ఎండలో తొంభై కిలోమీటర్లు నడుపుకుని అతడు చేరేసరికి ఐదు దాటినది. పడవలు కట్టివేశారు. తండ్రీకూతుళ్ళు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని చీకటిపడే దాకా కూర్చున్నారు. పిల్ల ఏడవలేదు. పెద్దవారికే మనసు కలుక్కుమన్నది.

"మాకు బుధవారం ఆదివారమయ్యేది బావా. వీళ్ళకి ఆదివారం కూడా బుధవారమే" అన్నారు బావగారు.

ఆ మాటలో ఒక పట్టణ చరిత్ర ఉన్నది. భిలాయి కర్మాగారం పర్మనెంటు ఉద్యోగుల సంఖ్య ఒకనాడు అరవై వేలు దాటినది. నేడు ఇరవై వేల లోపే. ఉత్పత్తి తగ్గలేదు, పెరిగినది. యంత్రాలు కొంత పని తీసుకున్నవి. మిగిలిన దానిలో చాలా భాగం, కర్మాగారం లోపలా వెలుపలా, గుత్తపనివారి చేతికి వచ్చినది. ఒకే వీధిలో, తరచు ఒకే ఇంట్లో, సెలవుకు జీతం పొందిన తరమూ, సెలవుకు జీతం పోగొట్టుకునే తరమూ కలిసి ఉంటున్నవి.

చట్టం లేదా అని పాఠకులు అడగవచ్చును. ఉన్నది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 52వ సెక్షను వారానికొక రోజు సెలవు ఉండాలన్నది. ఆ రోజున పని చేయించవలసివస్తే ముందు మూడు రోజులలోనో, తరువాత మూడు రోజులలోనో బదులు సెలవు ఇవ్వాలని, పదిరోజులకు మించి ఏకబిగిన పని చేయించరాదని నిర్దేశించినది. అయితే సెలవు ఇమ్మన్నదే గాని ఆ రోజు కూలి మాట ఆ సెక్షనులో లేదు. నెలజీతగానికి అది లోటుగా తోచదు. దినకూలికి ఆ లోటే సర్వస్వం. కనీస వేతనాల చట్టం విశ్రాంతిదినానికి ప్రతిఫలం ప్రసక్తి తెచ్చినా, గుత్తేదారు చిట్టాలో దాని జాడ వెదికి పట్టుకోవడం కార్మికునికి సులభం కాదు. ఈ చట్టాలన్నీ 2020 నాటికి నాలుగు కోడ్‌లుగా మారినవి. వాటిలో మూడింటిని ఆ సంవత్సరం సెప్టెంబరులో, ప్రతిపక్షం సభను బహిష్కరించిన వేళ, రెండే రోజులలో రెండు సభలూ ఆమోదించినవి. 2025 నవంబరు 21 నుంచి అవి అమలులోకి వచ్చినవి. ఆరు రోజులకు మించి వారంలో పని చేయించరాదన్న నియమం కొత్త కోడ్‌లోనూ ఉన్నది. దాని మీద సభలో సావకాశంగా చర్చ జరిగి ఉంటే విశ్రాంతికి వెల ఎవరు కట్టాలన్న మాట ఎవరైనా ఎత్తి ఉండేవారేమో.

ప్రభుత్వరంగం పాతరోజులు స్వర్గమని ఈ లేఖకుని భావం కాదు. ఆ రోజులలోనే గంగ్రేల్ గ్రామాలు మునిగినవి; ఆనాటి నిర్వాసితుల విశ్రాంతిని గురించి ఏ పథకంలోనూ వ్రాయలేదు. కాని కార్మికునికి కూలి మాత్రమే చాలదని, పిల్లలతో పడవ ఎక్కే ఒక సాయంత్రం కూడా కావాలని ఆనాటి రాజ్యం ఒప్పుకున్నది. ఒప్పుకున్నందుకు నిదర్శనంగా చెరువు పక్కన తోట వేసినది. తోట ఉన్నది, చెరువు ఉన్నది, టిక్కెట్టు ధర కూడా అందుబాటులోనే ఉన్నది. సాయంత్రం మాత్రం కొందరికి కరవైనది.

రాబోయే సమావేశాలలో టన్నుల లెక్క అడగబోయే గౌరవసభ్యులకు ఒక అనుబంధ ప్రశ్నను ఇక్కడినుంచి అందిస్తున్నాను: గడచిన సంవత్సరం ఈ దేశపు ఉక్కు పట్టణాలలో గుత్తేదార్ల కింద పనిచేసినవారిలో ఎందరికి వారానికొక రోజు కూలి తెగకుండా సెలవు దొరికినది? మంత్రిగారి వద్ద ఆ అంకె లేకపోతే, సేకరించి సభ ముందుంచుతానన్న హామీ అయినా తీసుకోవాలి.