గీత గీస్తే 300 కిలోమీటర్లు

ఘాజియాబాద్ శివార్లలోని హిండన్ వైమానిక స్థావరాన్ని ఆనుకుని కట్టిన చిన్న పౌర టెర్మినల్ 2019 మార్చిలో ప్రారంభమైంది. అదే ఏడాది అక్టోబరులో అక్కణ్నుంచి తొలి విమానం ఉత్తరాఖండ్‌లోని పిథౌరాగఢ్‌కు ఎగిరింది. తొమ్మిది సీట్ల బుల్లి విమానం అది. మ్యాపు మీద గీత గీస్తే రెండింటి మధ్య 300 కిలోమీటర్లకు కాస్త తక్కువే. ఆ తరగతి విమానం గంటకు 500 కి.మీ. దాకా పోతుంది కాబట్టి బడిలో నేర్చుకున్న లెక్క ప్రకారం 36 నిమిషాలు చాలు. అప్పట్లో పట్టింది మాత్రం దాదాపు గంట.

తేడా ఎక్కడొస్తుందంటే, విమానయానంలో సమయాన్ని గాల్లో ఉన్నంతసేపే లెక్కెయ్యరు. లారీ టైరు కింద రాయి పెట్టినట్టు, ఆగివున్న విమానం చక్రాలకు దిమ్మలు అడ్డుపెడతారు. అవి తీసిన క్షణం నుంచి అవతలి ఊళ్లో మళ్లీ పెట్టేదాకా అయిందే ‘బ్లాక్ టైమ్’. రన్‌వే దాకా పాకడం, అనుమతి కోసం ఆగడం, పైకెక్కేటప్పటి నిదానం అన్నీ అందులోవే. హిండన్ నుంచి ఢిల్లీ ప్రధాన విమానాశ్రయం సూటిగా 30 కి.మీ. దూరమే; ఆ రద్దీ ఆకాశంలో చిన్న విమానానికి నచ్చిన గీత దొరకదు. అవతల పిథౌరాగఢ్‌లోని నైనీ సైనీ విమానాశ్రయం రన్‌వే దాదాపు 1,500 మీటర్ల ఎత్తున, కొండల నడుమ ఉంది. అక్కడ ముక్కుసూటిగా దిగిపోవడం కుదరదు.

అయితే ఇదంతా కొండల మహిమేనా? కాదు. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న మొదలైన కడప–హైదరాబాద్ మార్గం కూడా సూటిగా 300 కి.మీ.లే, హిమాలయాలు అడ్డం లేకపోయినా అదీ గంటకు దగ్గర్లోనే. ఢిల్లీ–హైదరాబాద్ దూరం దీనికి నాలుగింతలు, సమయం మాత్రం రెండింతలకు కాస్త ఎక్కువ. జెట్ వేగం ఎక్కువన్న మాట నిజమే. ఆ వేగంతో లెక్కేసినా అక్కడ అదనంగా పడేది ముప్పై నలభై నిమిషాలే. అంటే ఈ అదనపు ఖర్చు అన్ని మార్గాలకూ ఇంచుమించు ఒకటే. పొట్టి మార్గంలో అదే మొత్తం సమయంలో సగానికి కాస్త తక్కువ మింగుతుంది.

ఆలస్యమైందన్న మాట పడకుండా విమాన సంస్థలు టైంటేబుల్లో నాలుగు నిమిషాలు ఎక్కువ రాసుకుంటాయనే వాళ్లున్నారు. రాసుకుంటాయి. కానీ పైన చెప్పిన పనులేవీ కల్పితాలు కావు. ఇంటి నుంచి విమానాశ్రయానికి పోయే సమయం, ముందే చేరాల్సిన సమయం కలిపితే విమానం దండగ కదా అనేది ఇంకాస్త గట్టి ప్రశ్న. ఢిల్లీ–చండీగఢ్ విషయంలో అది సబబే. శతాబ్ది రైలు మూడున్నర గంటల్లోపే చండీగఢ్‌లో దింపుతుంది. పిథౌరాగఢ్‌కు ఆ సుఖం లేదు. నేరుగా రైలు లేదు, రోడ్డు మీద 450 కి.మీ. పైమాటే, అందులోనూ చివరి భాగమంతా ఘాట్ రోడ్డు. పన్నెండు గంటలకు తక్కువ కాదు. విమానం ఎక్కడానికీ దిగడానికీ మూడు గంటలు కలుపుకున్నా పూట మిగులుతుంది. కాబట్టి చిన్న మార్గం విలువ తేల్చేది గాలిలోని దూరం కాదు, కింద ఉన్న రోడ్డు.

ఈ లెక్కకు అసలు గండి వేరే చోట ఉంది. చలికాలం ఢిల్లీని పొగమంచు కప్పేస్తుంది, కొండల్లో మబ్బు దిగుతుంది. పెద్ద మార్గంలో ఒకటి రద్దయితే సాయంత్రానికి మరొకటుంటుంది. తొమ్మిది సీట్ల విమానం ఒక్కటే తిరిగే చోట రద్దయిందంటే, ప్రయాణికుడు సంచీ భుజాన వేసుకుని ఢిల్లీలోని ఆనంద్ విహార్ బస్టాండుకు పోవాల్సిందే.